చిల్కూట్ కనుమా, వైట్ పాసా?

1896 ఆగస్టులో కెనడాలోని క్లోండైక్ ప్రాంతపు వాగుల్లో బంగారం బయటపడిన తరువాత, అలాస్కా తీరం నుంచి అక్కడికి దారితీసే యూకాన్ నదిని చేరడానికి జనం ప్రధానంగా రెండు కనుమలను ఎంచుకున్నారు. తీరపట్టణం స్కాగ్వే నుంచి సాగే వైట్ పాస్ ఎత్తు తక్కువ, గుర్రాలు నడవగలవు అన్న మాట నమ్మి ఎందరో అటు మళ్లారు. కానీ ఆ బురదలో, బండరాళ్ల మధ్య సుమారు 3,000 గుర్రాలు ప్రాణాలు విడిచాయి. ఆ మూగజీవాల గోస తలచుకుంటే నేటికీ మనసు కలుక్కుమంటుంది.

దగ్గరలోని మరో తీరపట్టణం డైయీ నుంచి మొదలయ్యే చిల్కూట్ దారి సుమారు 53 కిలోమీటర్లే అయినా, దాని చివరి ఏటవాలును బరువు మోసే పశువులు ఎక్కలేవు. ఏడాదికి సరిపడే సామగ్రి ఉంటేనే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కనుక, కూలి ఇచ్చుకోలేని మనిషి దాదాపు ఒక టన్ను బరువును మంచులో చెక్కిన మెట్ల మీదుగా, పదులసార్లు ఎక్కి దిగి, తన వీపు మీదే చేరవేయవలసి వచ్చేది. 1898 ఏప్రిల్ 3న ఆ దారిలో మంచుచరియలు విరిగిపడి 60 మందికి పైగా మరణించారు.

అయినా నాకు చిల్కూటే మిన్నగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ మనిషి ఆశకు మనిషే మూల్యం చెల్లించాడు. అదే ఏడాది, భర్త తోడు రాకపోయినా, గర్భవతిగానే ఈ కనుమ దాటిన మార్తా పర్డీ క్లోండైక్ పట్టణం డాసన్‌లో బిడ్డను కని, 1904లో న్యాయవాది జార్జ్ బ్లాక్‌ను పెళ్లాడారు.