నల్లమల కాలిబాటలో రెండు రోజులు, శ్రీశైలంలో ఒక రాత్రి

అడవిలో రెండు రోజులు మాకు అన్నం పెట్టినవాళ్లు ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. కొండ మీదికి చేరిన గంటలోనే 3,500 పోగొట్టుకున్నాం. రెండూ రాస్తాను. ముందు కోపం సంగతి చెప్పేస్తే మిగతాది నిమ్మళంగా రాయొచ్చు.

ఉగాది ముందు రోజుకి గది కావాలని పది రోజుల ముందే ఫోన్‌లో వెతికాం. సత్రం పేరుతో ఒక సైటు కనబడింది. గుడి గోపురం ఫొటో, స్వామివారి ఫొటో, కింద ఫోన్ నంబరు. రోజుకు 1,500 అన్నారు, 1,000 అడ్వాన్సు పంపమన్నారు, పంపాం. వెంకటాపురం నుంచి నలభై కిలోమీటర్ల పైన నడిచి, రాత్రి ఏడున్నరకు కాళ్లీడ్చుకుంటూ పోయి చూస్తే అది సత్రం కాదు, ప్రైవేటు లాడ్జి. కౌంటర్లో మనిషి "ఆ రేటు మామూలు రోజులది సార్, పండగ రేటు 3,500" అన్నాడు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వమంటే ఇవ్వనన్నాడు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు. మా బావ మోకాలు పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాడు. ఇంకోచోటికి తిరిగే ఓపిక ముగ్గురిలో ఎవరికీ లేదు. అది ఆ మనిషికి మా మొహాలు చూడగానే తెలిసిపోయింది. మిగతా 2,500 కట్టాం.

గదిలో కొళాయి తిప్పితే గాలి వచ్చింది. నీళ్లు బకెట్ 50, వేడినీళ్లయితే 80. పరుపు మీద దుప్పటి తీస్తే కింద మరకలు. మా తమ్ముడు బయట వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. తెల్లారి ఆరింటికి తలుపు బాదారు, ఎనిమిదింటికి ఖాళీ చేయాలట. రాత్రి ఏడున్నరకు వచ్చాం కదా అంటే, ఇక్కడ రోజు పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిది దాకానే అన్నాడు. పన్నెండున్నర గంటలకు 3,500, నీళ్ల ఖర్చు కాక.

కాబట్టి చెప్తున్నా. దేవస్థానం సొంత సైటులో దొరికితే గది తీసుకోండి, లేకపోతే అసలు వద్దు. పండగ రోజుల్లో యాత్రికుల కోసం చలువ పందిళ్లు వేస్తారు, నీళ్లుంటాయి, పక్కన మనుషులుంటారు. మాతో నడిచిన వాళ్లందరూ అక్కడే పడుకున్నారు, హాయిగా నిద్రపోయారు. మూడువేల అయిదు వందలు ఇచ్చి మేం పోగొట్టుకున్నది ఆ నిద్రే.

ఇక దారి సంగతి.

మాది కర్నూలు. శ్రీశైలానికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, అన్నీ బస్సులోనే. దోర్నాల దగ్గర టీ, ఘాట్‌లో కళ్లు తిరగడం, సాక్షి గణపతికి దండం, అంతే. మెట్ల దారి ఒకటుందని, వాళ్ల నాన్న ఆ దారినే పోయేవాడని మా అవ్వ చెప్పేది. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర మొదలవుతుంది. నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా పోయి గుడికి చేరుతుంది. పులుల అభయారణ్యం కాబట్టి మామూలు రోజుల్లో అటవీశాఖ అడుగు పెట్టనివ్వదు. శివరాత్రికి, ఉగాదికి మాత్రం వదులుతారు.

కర్నూలు నుంచి ఆత్మకూరుకు బస్సు 110, అక్కడి నుంచి వెంకటాపురానికి షేర్ ఆటో మనిషికి 40. తెల్లవారుజామున అయిదింటికి నడక మొదలుపెట్టాం. మొదటి గంటలోనే ఒకటి తెలిసింది. ముందూ వెనకా ఎటు విన్నా కన్నడమే. బాగల్‌కోట, విజయపుర, రాయచూరు, బెళగావి. వాళ్లకు భ్రమరాంబ ఆడబిడ్డ, మల్లయ్య అల్లుడు. ఉగాదికి కూతురికి సారె తీసుకుని పుట్టింటివాళ్లు వస్తున్నట్టే వస్తారు. ఊరి నుంచి పది పన్నెండు రోజులుగా నడుస్తున్నవాళ్లున్నారు. కొందరు భుజాన కావడి లాంటి కంబి మోస్తున్నారు, ఇద్దరు కర్రకాళ్లు కట్టుకుని నడుస్తున్నారు. ఆ రాళ్ల దారిలో మామూలు కాళ్లతో నడవడానికే మాకు కళ్లు నేల మీది నుంచి తీయడానికి లేదు.

నాగలూటిలో పాత వీరభద్రస్వామి గుడి ఉంది, పక్కన రాతి కోనేరు. గుడి చూస్తూ అరగంట కూర్చున్నాం. అక్కడి నుంచి పెచ్చెరువు దాకా దారి బాగానే ఉంది, ఎండే చంపింది. అప్పటికి నల్లమలలో ఆకు రాలిపోయి ఉంటుంది. నీడ ఉండదు, వెదురు కూడా ఎండి గలగలమంటుంది. తపసి చెట్లు మాత్రం తెల్లటి ఒళ్లతో మెరుస్తూ దూరానికే కనబడతాయి. దారిలో ఒకడు ఇరవై రూపాయల నీళ్ల సీసా 40కి అమ్ముతున్నాడు, మేమూ రెండు కొన్నాం. ఇంకో ఫర్లాంగు పోతే ఊరకే పోస్తున్నారని అప్పటికి తెలియదు.

పెచ్చెరువు చెంచుల గూడెం. రాత్రి అక్కడే ఆగాలి. కర్ణాటక భక్తులు అక్కడ గుడారం వేసి అన్నదానం పెట్టారు. మేం తెలుగులో మాట్లాడుకుంటూ పక్కన నిలబడితే ఒక పెద్దాయన చేయి పట్టుకుని "బర్రి, బర్రి, ఊటా మాడ్రి" (రండి, రండి, భోంచేయండి) అంటూ తీసుకుపోయి కూర్చోబెట్టాడు. జొన్నరొట్టెలు, అప్పడంలా ఎండబెట్టినవి, చేత్తో విరిస్తే ఫట్‌మంటాయి. మీద గుత్తివంకాయ కూర, పక్కన శెనక్కాయల పొడి, పచ్చి ఉల్లిగడ్డ, మజ్జిగ. రొట్టె కూర రసంలో నానేదాకా ఆగి తినాలని ఆయనే నేర్పించాడు. హోటళ్లలో ఎన్నో తిన్నాను గానీ ఆ వంకాయ రుచి ఇంకెక్కడా చూడలేదు. తమ్ముడు పొద్దుటి నుంచి విసుక్కుంటూనే ఉన్నాడు, వెనక్కి పోదామని రెండుసార్లు అన్నాడు. ఆ రాత్రి అయిదు రొట్టెలు తిని వాళ్లతో కలిసి గిన్నెలు కడిగాడు.

బావ అరికాలికి బొబ్బలొచ్చాయి. గుడారంలో ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడొకడు బావ కాలు తన ఒళ్లో పెట్టుకున్నాడు. సూదిని మంటలో కాల్చి, తెల్లదారం ఎక్కించి, బొబ్బకు ఒక పక్క గుచ్చి రెండో పక్క తీసి, దారం లోపలే వదిలేసి రెండు కొసలూ కత్తిరించాడు. దారం వెంట నీరు మెల్లగా దిగిపోయింది, చర్మం ఊడలేదు. తర్వాత కొబ్బరినూనె రాసి మోకాలు దాకా పిసికాడు. బావ ఇరవై రూపాయలు తీయబోతే చేతులు జోడించి వద్దన్నాడు. బావ చాలాసేపు మాట్లాడలేదు.

రెండోరోజు మఠంబావి దాటాక భీముని కొలను. అక్కడే ఈ దారికి పేరు తెచ్చిన మెట్లు. లోయలోకి దిగి మళ్లీ అవతలి కొండ ఎక్కాలి. రెండు పక్కలా నిలువు బండలు, అడుగున నీళ్లు. మార్చి ఎండలో కూడా ఆ లోయలో చల్లగా ఉంది. ఈ మెట్లు 14వ శతాబ్దం మొదటి సగంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి కట్టించినవి. అహోబిలానికి మెట్లు వేయించిందీ ఆయనే. ఒక్కో రాయి మధ్యలో అరిగి గిన్నెలా గుంట పడింది. నా ముందు ఒక ముసలమ్మ ప్రతి మెట్టు మీదా వంగి పసుపు, కుంకుమ పెట్టి ఎక్కుతోంది. నడుము నొప్పి పుట్టదా అని సైగ చేస్తే నవ్వి ఇంకో మెట్టుకు బొట్టు పెట్టింది. ఆమె పెట్టిన బొట్టు మీద కాలు పడకుండా అంచున ఎక్కాను.

అక్కడ నాకు నిజంగా బాధేసింది. తెలుగు రాజు కట్టించిన మెట్లు, తెలుగు నేల మీద ఉన్నవి. ఏటా వాటిని తుడిచి, బొట్టు పెట్టి, బతికిస్తున్నది కన్నడవాళ్లు. మా కర్నూలు నుంచి నడిచినవాళ్లు రెండు రోజుల్లో మాకు ఒక డజను మంది కనబడ్డారేమో.

కైలాసద్వారం ఎక్కేసరికి ఒళ్లు తేలిపోయింది. అక్కడి నుంచి దారి మామూలే. తర్వాత లాడ్జి, దాని సంగతి పైన రాసేశాను.

మరుసటి పొద్దున శీఘ్రదర్శనం 150 టికెట్ కొన్నా మూడు గంటలు పట్టింది. దర్శనం అయ్యాక పరుగెత్తి రాకండి. ముఖమండపం విజయనగర రాజు రెండో హరిహరరాయలు కట్టించింది. వీరశిరోమండపం దగ్గర ఆగండి, రెడ్డిరాజు అనవేముడు కట్టించాడు. వీరశైవులు స్వామికి తలలు సమర్పించుకున్న చోటు అది. ఆ తర్వాత ప్రాకారం చుట్టూ బయట నుంచి ఒక చుట్టు నడవండి. గోడ పొడవునా చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేటలు, సిద్ధులు. దీనికి టికెట్ లేదు, జనమూ లేరు. నాకు క్యూలో మూడు గంటల కంటే ఆ గోడ దగ్గర గడిపిన గంటే ఎక్కువ మిగిలింది. పాతాళగంగకు రోప్‌వే ఉంది గానీ బావ కాలు చూసి మానుకున్నాం. అక్కడికి దిగే మెట్లు కూడా పాతవే, హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో కట్టించినవి.

ముగ్గురికి కలిపి మొత్తం 6,400 అయింది, అందులో సగానికి పైగా ఆ ఒక్క రాత్రికే. నడిచేవాళ్లు కొత్త చెప్పులు వేసుకోవద్దు. తువ్వాలు, టోపీ, టార్చి, సూదీదారం చాలు. అన్నం మోయొద్దు. ప్లాస్టిక్ మాత్రం అడవిలో పారేయకండి, మేం దారి పొడవునా చూసి తల దించుకున్నాం.

బస్టాండుకు పోతుంటే పెచ్చెరువు పెద్దాయన మళ్లీ ఎదురయ్యాడు. సంచిలోంచి ఎండు రొట్టెల కట్ట ఒకటి తీసి, బట్టలో చుట్టి బావ చేతిలో పెట్టాడు. ఇంట్లో అమ్మ ఉందా అని అడిగాడు, ఉందంటే ఇంకో నాలుగు కలిపాడు. అమ్మకు పళ్లు లేవు. రాత్రి మజ్జిగలో నానబెట్టుకుని తింది.