డాలస్ పార్కు చెరువుల్లో చలికాలపు ట్రౌట్: కొన్ని సీజన్ల తర్వాత నా మాట

ఈ చెరువులకి గాలం వేయడానికి వెళ్లండి కానీ, ట్రౌట్ చేపల్ని తెచ్చి వదిలే లారీ వచ్చిన రోజున మాత్రం వెళ్లకండి. ఆ ఒక్క విషయం పాటిస్తే, పిల్లలున్న ఇంటికి చలికాలంలో ఇంత చవకైన కాలక్షేపం మరొకటి దొరకదు.

డెంటన్‌లో సౌత్ లేక్స్ పార్క్, హర్స్ట్‌లో చిజమ్ పార్క్ లాంటి చిన్న చెరువుల్లో టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అనే రాష్ట్ర ప్రభుత్వ శాఖ వాళ్లు చలికాలమంతా విడతలుగా రెయిన్‌బో ట్రౌట్ తెచ్చి వదులుతారు. ఏ చెరువుకి ఏ తేదీ అన్నది ముందే ప్రకటిస్తారు. ఇది చన్నీళ్ల చేప. నీళ్లు 21 డిగ్రీలు దాటితే తట్టుకోలేదు, అంటే ఎండాకాలం వచ్చేసరికి ఆ చెరువులో ఒక్కటీ మిగలదు. అందుకే పట్టి వదిలేయాలా అన్న మీమాంస ఇక్కడ అనవసరం. రోజుకి 5 దాకా ఇంటికి తెచ్చుకోవచ్చు.

లారీ రోజున గట్టు మీద భుజం భుజం రాసుకుంటూ జనం, ఒకరి లైన్ ఇంకొకరి లైన్‌లో చిక్కుపడటం, చిరాకులు. చేపలేమో ప్రయాణ బడలికలో ఉంటాయి. రెండు మూడు రోజులాగి పనిదినం సాయంత్రం వెళ్తే గట్టు ఖాళీ. అప్పటికి చేపలు గుంపులుగా ఒడ్డు వెంబడే తిరుగుతుంటాయి. ఫౌంటెన్ ఉంటే ముందు దాని చుట్టూ చూడండి.

బాస్ చేపల మందపాటి రాడ్ దీనికి పనికిరాదు, చేప కొరికినా చేతికి తెలియదు. ఆరడుగుల అల్ట్రాలైట్ (బాగా సన్నటి, తేలికైన) రాడ్, 4 పౌండ్ల బరువు ఆపే లైన్ చాలు. ఎరల్లో పవర్‌బెయిట్ అని డబ్బాలో అమ్మే వాసన ముద్దదే పైచేయి. ఈ చేపలు హేచరీలో (చేపల్ని పెంచే కేంద్రంలో) మేత గుళికలు తిని పెరిగినవి, వాసన పట్టుకుని వస్తాయి. లైన్‌కి జారే సీసం గుండు, దాని కింద స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముడి), అక్కణ్ణుంచి జానెడున్నర లీడర్ (గాలం కట్టే లైన్ ముక్క), చివర 12 లేదా 14 నంబరు చిన్న గాలం. ముద్దను గాలం కనబడనంత మేర అద్ది, విసిరే ముందు కాళ్ల దగ్గర నీళ్లలో వదిలి చూడండి: పైకి తేలాలి. మునిగితే ఇంకాస్త అద్దాలి. నీటి అడుగున పడి ఉన్న ఎర నాచులో కలిసిపోతుంది. చేప ఎర అందుకోగానే రాడ్ కొస రెండుసార్లు టకటకమంటుంది, తర్వాత లైన్ మెల్లగా బిగుస్తుంది. లాగాల్సింది అప్పుడే.

జనవరి చివరికి మిగిలిన చేపలు తెలివిమీరిపోతాయి, ముద్దను ముట్టవు. అప్పుడు చిన్న స్పిన్నర్‌ని (నీళ్లలో గిరగిరా తిరిగే రేకు ఎరని) నెమ్మదిగా చుట్టుకుంటూ రావడమే దారి.

సైజు ఎక్కువగా 9 నుంచి 12 అంగుళాలు. సిమెంటు తొట్లలో పెరగడం వల్ల చాలావాటికి రెక్కలు అరిగి ఉంటాయి. ఊళ్లో కొర్రమీను పట్టిన చేతులకు ఇది పిల్లాటే.

వంట సంగతికొస్తే, పులుసు పెట్టకండి. మెత్తటి కండ, గరిటె తగిలితే చాలు విడిపోతుంది. పొలుసు మరీ సన్నం, తీసే పనే లేదు. పొట్ట చీల్చాక వెన్నుముక వెంట నల్లగా ఉండే నెత్తుటి గీతని చెంచాతో గీకి కడగాలి, లేదంటే నీచువాసన పోదు. ఆపైన ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేపుడు. మా ఇంట్లో ముళ్లు తీసిపెట్టే డ్యూటీ నాదే. చెరువు దగ్గరికి ఐస్ డబ్బా తప్పనిసరి.

17 ఏళ్ల లోపు పిల్లలకి లైసెన్సు అక్కర్లేదు. పెద్దవాళ్లది చాలా రకాల్లో ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి సెప్టెంబరులోనే కొనుక్కోవడం లాభం. వార్డెన్లు (ఆ శాఖ తనిఖీ అధికారులు) వచ్చి అడుగుతారు, దగ్గర ఉంచుకోండి.

పెద్ద చేప, పారే నీళ్లు, ప్రశాంతత కావాలనుకునేవాళ్లకి ఈ చెరువులు నేను చెప్పను. వాళ్లు కాన్యన్ లేక్ డ్యామ్ కింద గ్వాడలూప్ నదికి పోవాలి. డ్యామ్ అడుగు నుంచి వదిలే చల్లటి నీళ్ల పుణ్యమా అని అక్కడ ట్రౌట్ ఎండాకాలం కూడా బతుకుతుంది. కాకపోతే అక్కడ కొంత మేర స్పిన్నర్ లాంటి కృత్రిమ ఎరలే వాడాలి, పవర్‌బెయిట్ డబ్బా ఇంట్లో వదిలేసి వెళ్లండి.