తగాదా జైలుకు వస్తుందా, జైల్లోనే పుడుతుందా?

నెల్లూరు దగ్గరి చెముడుగుంట కేంద్ర కారాగారమైనా, మరొకటైనా, ఖైదీలు కొట్టుకుంటే రెండు వివరణలున్నాయి.

అమెరికా సమాజశాస్త్రవేత్తలు ఇర్విన్, క్రెస్సీ 1962లో చెప్పినది: ఊరి కక్షలు, ముఠాలు, మత్తు అలవాటు మనిషితోపాటే గేటు దాటి వస్తాయి. ప్రత్యర్థులను వేర్వేరు బ్యారక్‌లలో ఉంచడానికి ఇది పనికొస్తుంది. అంతవరకే.

మరో అమెరికా సమాజశాస్త్రవేత్త సైక్స్ 1958లో చెప్పినది: స్వేచ్ఛ, భద్రత, సొంత నిర్ణయం, ఇంటివారి తోడు లాగేస్తే మనిషి రగులుతాడు. నాకు ఇదే బరువైన కారణంగా తోస్తుంది. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నూటికి దాదాపు 76 మంది విచారణ ఖైదీలే. శిక్ష ఇంకా పడలేదు. పేదవాడికి బెయిలు పూచీ దొరకదు. కేసు ఎప్పుడు తేలుతుందో తెలియదు. కందుకూరు నుంచి బస్సులో వచ్చిన తల్లి ములాఖత్ దొరక్క తిరిగి వెళ్లిన రోజున, నీళ్ల వంతు దగ్గర చిన్న మాట చాలు. అలాంటివాణ్ణి పుట్టు రౌడీ అనడం అన్యాయం. ముందు అతనికి వకీలును చూపించాలి.