ఇండెక్స్‌కి లింకులు పెడతామని డబ్బులు తీసుకుంటున్నారు, ఫైలు నొక్కి చూడందే తీసుకోకండి

బరంపురం, పర్లాకిమిడి వైపు పుస్తకం టైపు చేయించి పీడీఎఫ్ తీసుకునే పని మీకుంటే, బాకీ డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి.

మా ఇళ్లలో పెద్దవాళ్లు పాడే పెళ్లిపాటలు, మంగళహారతులు పోగేసి పుస్తకం చేయించాం. ఒడియా మీడియంలో చదివిన పిల్లల కోసం అవే పాటలు ఒడియా లిపిలో కూడా. అచ్చు వేయడానికి కాదు, సూరత్‌లో, విశాఖలో ఉన్న మావాళ్లకు ఫోన్లో పంపడానికి. తలంబ్రాల వేళ అన్ని పేజీలు వేలితో తోసుకుంటూ కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? అందుకే విషయసూచికలో పేరు నొక్కితే నేరుగా పాట దగ్గరికి వెళ్లాలని డీటీపీ షాపులో ముందే చెప్పాం. టైపింగ్ రేటు కాక, లింకులకని విడిగా తీసుకున్నారు.

షాపులో చూపించినప్పుడు బాగానే ఉంది. వర్డ్‌లో కంట్రోల్ నొక్కిపట్టి క్లిక్ చేస్తే టక్కున వెళ్లింది. చేతికిచ్చిన పీడీఎఫ్‌లో మాత్రం పేర్లన్నీ నీలంగా, కింద గీతతో ముచ్చటగా ఉన్నాయి, ఎంత నొక్కినా కదలవు. అడిగితే "మీ ఫోన్ పాతది సార్" అన్నారు. లాప్‌టాప్‌లోనూ అంతే అంటే, "అడోబ్ డబ్బులు కట్టి కొనాలి" అన్నారు. పచ్చి అబద్ధం. లింకు నొక్కడానికి ఉచిత అక్రోబాట్ రీడర్ చాలు.

ఆ రీడర్‌లోనే కంట్రోల్, డి కలిపి నొక్కితే గుట్టు బయటపడింది. పీడీఎఫ్ ప్రొడ్యూసర్ అన్నచోట "మైక్రోసాఫ్ట్: ప్రింట్ టు పీడీఎఫ్" అని ఉంది. అంటే వర్డ్‌లోంచి పీడీఎఫ్‌గా సేవ్ చేయలేదు, ప్రింటు ఆప్షన్‌తో పీడీఎఫ్ తీశారు. ప్రింటులో పేజీ బొమ్మ వస్తుంది గానీ లింకులు, బుక్‌మార్కులు (పేజీ పక్కన తెరుచుకునే, నొక్కితే వెళ్లే పేర్ల జాబితా) రావు.

గొడవపడితే ఇంకో ఫైలిచ్చారు. లింకులు పనిచేశాయి. పక్కన బుక్‌మార్కులు తెరిస్తే మాత్రం తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చిరాతలు! అను ఫాంటుతో కొట్టారు మరి. అది యూనికోడ్ కాదు, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే పద్ధతి కాదు. పేజీ మీద తెలుగులా కనిపిస్తుందే తప్ప ఫైలు లోపల తెలుగు అక్షరాలుండవు. "హారతి" అని వెతికితే ఒక్కటీ దొరకదు. ఒడియా భాగానిదీ అదే తంతు. ఇక దాన్ని బాగుచేయాలంటే యూనికోడ్‌లోకి మార్చి అక్షరం అక్షరం దిద్దుకోవాల్సిందే, అందుకు మళ్లీ డబ్బులడిగారు.

కాబట్టి బయానా ఇచ్చేటప్పుడే యూనికోడ్ అని కాగితం మీద రాయించుకోండి. పాటల పేర్లకు హెడింగ్ స్టైల్ పెట్టి, వర్డ్‌లోని రిఫరెన్సెస్ మెనూలోంచి విషయసూచిక వేయమనండి. చుక్కలు కొట్టి పేజీ నంబర్లు చేత్తో వేస్తే ఒక పేజీ పెరగ్గానే అంతా తప్పుతుంది. పీడీఎఫ్ సేవ్ యాజ్‌లోనే చేయాలి, ఆప్షన్స్‌లో హెడింగ్స్‌తో బుక్‌మార్కులు అన్నదానికి టిక్కు ఉండాలి. మ్యాక్ వర్డ్‌లో అయితే "బెస్ట్ ఫర్ ప్రింటింగ్" వదిలేసి దాని పైదాన్ని ఎంచుకోవాలి. లిబ్రే ఆఫీస్‌లో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ ఉంది. వర్డ్ ఫైలు కూడా అడిగి పుచ్చుకోండి, అది మీ సొత్తు.

లింకులకని తీసుకున్న డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. తర్వాతి పనిలో తగ్గిస్తారట. తర్వాతి పని వాళ్లకెవరిస్తారు?