సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ కొనేవాళ్ళూ, జేబులో పెన్‌డ్రైవ్ లేకుండా షాపు మెట్లెక్కకండి

పొద్దున లేస్తే ‘కార్పొరేట్ మాలు, ఏ గ్రేడ్’ అంటూ రీల్స్ పెడతాడే, ఆ హైదరాబాద్ షాపే. పేరు రాయను, తెలిసినవాళ్ళకి తెలుసు. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్, ఐ5 8వ జనరేషన్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 17,500. శనివారం తెచ్చా. ఆదివారం రాత్రికి ఇటుకరాయి.

వాడు వేసిచ్చిన విండోస్‌లో క్రాక్ చేసిన ఆఫీసు, ఏదో యాక్టివేటర్ కనబడితే ఒళ్ళు జలదరించి మొత్తం తుడిచేసి కొత్తగా వేశా. సెటప్‌లో వైఫై కలిపానో లేదో, ఎవరిదో పెద్ద కంపెనీ పేరుతో స్వాగతం. ‘ఆఫీసు మెయిల్ ఐడీ కొట్టు’ అంటుంది. వెనక్కి పోదు, ముందుకి పోదు.

దీన్నే ఆటోపైలట్ (కంపెనీ ల్యాప్‌టాప్‌లని సెటప్ చేసే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) లాక్ అంటారు. కంపెనీలు వందల్లో ల్యాప్‌టాప్‌లు కొన్నప్పుడు ఒక్కోదాని హార్డ్‌వేర్ హ్యాష్ (ఆ మెషీన్‌ని గుర్తుపట్టే కోడ్) మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేస్తాయి. అది మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది కాబట్టి ఎస్ఎస్‌డీ మార్చినా, విండోస్ పదిసార్లు వేసినా పోదు. ఆ కంపెనీ ఐటీ వాళ్ళే తీయాలి. పాత సరుకు అమ్మేసేటప్పుడు వాళ్ళు ఆ పని మర్చిపోయి ఉండాలి, లేదా సరుకు అసలు దొడ్డిదారిన వచ్చి ఉండాలి.

షాపువాళ్ళ కిటుకు చాలా చిన్నది. నెట్ కలపకుండా సెటప్ కానిచ్చి లోకల్ అకౌంట్ పెట్టేస్తారు. ఆటోపైలట్ అడిగేది సెటప్ సమయంలోనే కాబట్టి తర్వాత నెట్ కలిపినా కిక్కురుమనదు. ఇంకో దారి, ఆఫీసులకిచ్చే విండోస్ ప్రో బదులు ఇళ్ళకిచ్చే విండోస్ హోమ్ వేయడం. హోమ్‌లో ఆటోపైలట్ పనిచెయ్యదు. ఈ బిజినెస్ ల్యాప్‌టాప్‌లకి మామూలుగా ప్రో లైసెన్సే బయోస్‌లో (మదర్‌బోర్డు చిప్‌లో ఉండే మూల ప్రోగ్రామ్) ఉంటుంది. ప్రో ఉండాల్సిన చోట హోమ్ ఎందుకుందని అడగాలి. సెట్టింగ్స్‌లో ‘హోమ్’ అని ఈ రెండు కళ్ళతో చూశా, అడగలేదు. పదేళ్ళుగా చుట్టాలందరికీ ల్యాప్‌టాప్‌లు ఏరిపెట్టే మేధావిని మరి. తెల్ల స్క్రీన్ పెట్టి మచ్చలు వెతికా, కీబోర్డు మీద ప్రతి బటనూ నొక్కా, హింజ్ పది సార్లు ఊపా. అసలుది వదిలేశా.

సోమవారం తీసుకెళ్ళా. శనివారం ‘అన్నా, చాయ్ తాగుతవా’ అన్న నోరే: ‘మళ్ల విండోస్ ఎక్కియ్యమని నీకెవడు చెప్పిండు? ఇచ్చింది ఇచ్చినట్టు వాడుకోవాలె. మా వారంటీ హార్డ్‌వేర్‌కే.’ చుట్టూ నలుగురు కస్టమర్లు. నేనేదో బొమ్మ విరగ్గొట్టుకొచ్చిన పిల్లాడినన్నట్టు చూస్తున్నారు. చివర్లో గొంతు తగ్గించి, ‘పదిహేను వందలియ్యి, చేసిస్త’ అన్నాడు. చేసేదేముంది, మళ్ళీ నెట్ లేకుండా హోమ్ వేస్తాడు. తాళం వీడే దాచి, తాళంచెవి వీడే అద్దెకిస్తాడన్నమాట!

బిల్లు చూపిద్దామంటే నా దగ్గరున్నది ‘ఎస్టిమేట్’ అని రాసిన చీటీ. జీఎస్టీ నంబర్ లేదు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్ లేదు. అది పట్టుకుని ఆ కంపెనీ ఐటీకి మెయిల్ పెడితే ఎవరు పలుకుతారు?

కొనేవాళ్ళు ఇది చెయ్యండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ 11 ఎక్కించుకుని వెళ్ళండి. ఎఫ్12 నొక్కి దాన్నుంచి షాపులోనే ఇన్‌స్టాల్ చేయించండి, సెటప్‌లో మీ ఫోన్ హాట్‌స్పాట్ కలపండి. ఉత్త రీసెట్ చాలదు, హోమ్ ఉంటే రీసెట్ తర్వాత కూడా హోమే వస్తుంది. అరగంట, ముప్పావుగంట పడుతుంది, టైం లేదంటే వచ్చేయండి. ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్ళండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగిందా, ముట్టుకోకండి. ఆ బయోస్ పాస్‌వర్డ్ (సూపర్‌వైజర్ పాస్‌వర్డ్) తెలియకపోతే లెనోవో చెప్పే దారి బోర్డు మార్చడమే. సెక్యూరిటీలో అబ్సొల్యూట్ (పోయిన ల్యాప్‌టాప్‌ని దూరం నుంచే వెతికి లాక్ చేసేది, పాతవాటిలో కంప్యూట్రేస్) యాక్టివేట్ అయి ఉందేమో చూడండి. బయోస్‌లో సీరియల్, అడుగున స్టిక్కర్ మీద సీరియల్ ఒకటే కావాలి, లేకపోతే బాడీ ఒకదానిది, బోర్డు ఇంకోదానిది.

టీ480కి బ్యాటరీలు రెండు. వెనకది బయటికి వస్తుంది, లోపలిది 24 వాట్ అవర్. వెనకది పీకేసి లోపలిదాని మీద నడిపి చూడండి, చాలావాటిలో అదే చచ్చి ఉంటుంది. టైప్‌సీ పోర్టులు రెండింట్లోనూ చార్జర్ పెట్టి కాస్త కదపండి. వాటిలో ఒకటైన థండర్‌బోల్ట్ పోర్టుకి పాత ఫర్మ్‌వేర్‌తో (పోర్టుని నడిపే లోపలి ప్రోగ్రామ్) చచ్చిపోయే జబ్బు ఉంది, లెనోవో అప్‌డేట్ ఇచ్చింది, కొన్నరోజే వేసుకోండి. టీ470 చూడ్డానికి దీని కవలే, కానీ 6వ లేదా 7వ జనరేషన్, విండోస్ 11కి అధికారికంగా పనికిరాదు. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

బిల్లు మీద సీరియల్ నంబర్, ‘కంపెనీ లాక్ ఉంటే వాపస్’ అని రాయించుకోండి. రాయనంటే అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పటికి విండోస్ బదులు ఉబుంటు (ఉచిత లినక్స్) వేశా, దానికి ఈ తాళంతో పనిలేదు, శుభ్రంగా నడుస్తోంది. కాకపోతే ఇది కొన్నది మా బావగారి ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) కోసం. ఉబుంటులో ట్యాలీ నేరుగా నడవదని ఆయనకింకా చెప్పలేదు.