రాయగడ ఆదివారం బ్రిడ్జ్ క్లాసు: మా పది వారాల అనుభవం

గుణుపురంలో ఆదివారం పొద్దున్నే బస్సెక్కి రాయగడ వెళ్లి నేర్చుకున్నాం, నేనూ మా తోటికోడలూ. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తన ఇంటి వరండాలో నడిపే బ్రిడ్జ్ క్లాసు అది. బ్రిడ్జ్ అంటే నలుగురు రెండు జోడీలుగా ఆడే పేకాట. మనిషికి 1,500 రూపాయలు, పది ఆదివారాలు, పూటకు మూడు గంటలు. నాలుగు టేబుళ్లు, పదహారు మంది. సగం తెలుగు, సగం ఒడియా. మాస్టారు ఒక వాక్యం ఇందులో మొదలుపెట్టి అందులో ముగిస్తారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పేకాట అంటే మా ఇంట్లో మంచి పేరు లేదు. మొదటి రోజే మాస్టారు చెప్పిన మాట మామగారికి వచ్చి చెప్పాను. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బ్రిడ్జ్ పురుషుల జంటల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చారని, అప్పటికి బర్ధన్ వయసు అరవై అని. క్లాసులో టేబుల్ మీద ఒక్క రూపాయి కూడా కనపడదని తెలిశాక ఆయన మరి అడగలేదు.

రమ్మీ, ట్వంటీనైన్ ఆడి వచ్చినవాళ్లకు ఈ క్లాసు ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే మన చేతికి ఒక అలవాటు ఉంటుంది, పెద్ద ముక్క ఉంటే వెంటనే వేసేయడం. తురుపు ఉన్న ఆటలో అది కొంతవరకు నడుస్తుంది. నో ట్రంప్‌లో నడవదు. అక్కడ ఆపడానికి తురుపు లేదు, అవతలివాళ్ల పొడుగు రంగు (ఎక్కువ ముక్కలున్న రంగు) ఒకసారి పారిందంటే చూస్తూ కూర్చోవడమే.

ఐదో వారం నాకు వచ్చిన పంపకం ఇప్పటికీ కళ్లముందే ఉంది. 3 నో ట్రంప్, అంటే తురుపు లేకుండా తొమ్మిది ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే పట్లు) కావాలి. నా చేతిలో ఇస్పేటు ఆసు, ఎనిమిది, నాలుగు. ఆఠీను ఆసు, ఏడు, ఐదు. డైమను ఎనిమిది, ఆరు, మూడు. కళావరు ఆసు, రాజు, తొమ్మిది, రెండు. డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన నా జోడీ చేతిలో, ఇస్పేటు ఏడు, ఐదు. ఆఠీను రాజు, ఆరు, రెండు. డైమను ఆసు, రాణి, జాకీ, పది, నాలుగు. కళావరు ఎనిమిది, ఆరు, మూడు. ఎడమ పక్కాయన ఇస్పేటు ఆరు వేశాడు, కుడి పక్కావిడ రాణి వేసింది. నేను ఆసు తీశాను.

మాస్టారు వచ్చి నా వేళ్ల కింది ముక్కను మెల్లగా వెనక్కి జరిపారు. "ఆగండి టీచరమ్మా. ముందు లెక్కెట్టండి."

లెక్కపెట్టాను. ఖాయంగా వచ్చేవి ఆరు: ఇస్పేటు ఒకటి, ఆఠీను రెండు, డైమను ఒకటి, కళావరు రెండు. ఇంకా మూడు కావాలి, అవి డైమన్లోనే ఉన్నాయి. డైమను రాజు నా ఎడమ పక్క ఉంటే ఐదూ వస్తాయి, కుడి పక్క ఉంటే ఒకటి పోయి నాలుగు. నాలుగు చాలు. మరి భయం ఎక్కడ? కుడి పక్కావిడ డైమను రాజుతో గెలిచి ఇస్పేటు తిప్పితే, ఎడమ పక్కాయన నాలుగు ఇస్పేట్లు వరసగా లాగేస్తాడు. రాజుతో కలిపి ఐదు, నా ఆట ఒకటి తక్కువ.

అందుకే ఇస్పేటు రెండుసార్లు అవతలివాళ్లకు ఇచ్చేసి మూడోసారి ఆసు తీయాలి. ఎన్నిసార్లు ఆగాలో తెలియడానికి ఆయన చెప్పిన లెక్క ఇది: ఆ రంగులో మన రెండు చేతుల్లో ఉన్న ముక్కల్ని ఏడులోంచి తీసేయాలి. నాకు ఐదు ఉన్నాయి, రెండు మిగిలింది. ఇస్పేట్లు అటు ఐదు, ఇటు మూడు ఉంటే మూడో రౌండు అయ్యేసరికి కుడి చేతిలో ఇస్పేటే ఉండదు. అప్పుడు డైమను రాజు ఆవిడకిచ్చినా ఏమీ కాదు. మళ్లీ మొదటినుంచి ఆడితే సరిగ్గా తొమ్మిది వచ్చాయి. అదే పంపకం, అవే ముక్కలు. ఆ రోజు బస్సులో పర్సు వెనక రాసుకున్న ఆ లెక్క ఇప్పటికీ దాచుకున్నాను.

మా తోటికోడలు వేరే రకంగా దెబ్బతింది. కళావరు రాజు, రాణి రెండే ఆమె చేతిలో, ఆసు, జాకీ, పది, ఐదు డమ్మీలో. రాజు వేసింది, తర్వాత రాణి కూడా చేతిలోనే గెలిచింది. డమ్మీకి వెళ్లడానికి వేరే దారి లేదు. ఆసు, జాకీ అక్కడే ఎండిపోయాయి. రాణి మీద ఆసు వేసి డమ్మీకి వెళ్లి ఉండాల్సింది. "అక్కా, సొంత రాణి మీద ఆసు వేయడానికి చెయ్యి రాలేదు" అంది. నిజమే, నాకైనా వచ్చేది కాదు.

అవకాశాల లెక్క కూడా నోటికి వచ్చేదాకా చెప్పిస్తారు. బయట ఆరు ముక్కలుంటే మూడు మూడుగా ఉంటాయని మనం ఆశపడతాం కదా, నూటికి ముప్పై ఆరుసార్లే అలా పడతాయి. నాలుగు రెండుగా పడేది నలభై ఎనిమిది సార్లు. బయట ఐదుంటే మూడు రెండుగా పడేది అరవై ఎనిమిది.

లోపాలూ చెప్పాలి. బిడ్డింగ్ (ఆటకు ముందు ఎన్ని ట్రిక్కులు చేస్తామో పాడుకోవడం) మొత్తం రెండు వారాల్లో పరిగెత్తించారు. 1 నో ట్రంప్ పాడాలంటే చేతిలో పెద్ద ముక్కలకు 15 నుంచి 17 పాయింట్లు అని బట్టీపట్టించారు తప్ప ఎందుకో చెప్పలేదు. పంపకాలు రాసిన కాగితాలు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, కొత్తవాళ్లకు కష్టం. వెనక టేబుళ్లకు మాస్టారు చేరేసరికి ఆట అయిపోతుంది. కాబట్టి ముందు టేబుల్‌కి కూర్చోండి, తొమ్మిదికి క్లాసంటే పావు తక్కువకే చేరండి. ఒంటరిగా వెళ్లకండి, జోడీతో వెళితే ఇంటికొచ్చాక కూడా ఆడుకోవచ్చు.

మేం రెండో విడతకు పేర్లిచ్చేశాం. ఈసారి డిఫెన్స్ నేర్పుతారట. ఆ ఇస్పేటు ఆరు వేసినాయన పక్కన కూర్చుని, అవతలి డిక్లేరర్‌ని, అంటే ఆట పాడుకుని ఆడేవాళ్లని, ఎలా ఆపాలో చూడాలి.