ఉల్కాశిల ఎక్కడిది? కక్ష్యను నమ్మాలా, రాయిని నమ్మాలా?

1959 ఏప్రిల్ 7న అప్పటి చెకోస్లొవేకియాలోని ప్రిబ్రామ్ దగ్గర ఒక ఉల్కాశిల పడింది. 2002 ఏప్రిల్ 6న జర్మనీలో నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట దగ్గర ఇంకొకటి పడింది. రెండూ మండుతూ దిగిన దారులు కెమెరాలకు చిక్కాయి. ఆ దారుల్ని పట్టుకుని వెనక్కి లెక్క కడితే, భూమిని ఢీకొనకముందు అవి సూర్యుడి చుట్టూ తిరిగిన కక్ష్యలు దాదాపు ఒక్కటే అని తేలింది. ఒకే బండ నుంచి విడిపోయిన తోబుట్టువులని ఎవరికైనా అనిపిస్తుంది. తీరా రాళ్లను పరీక్షిస్తే ఆ రెండింటికీ పోలికే లేదు. రెండూ కాండ్రైట్లనే రాతి ఉల్కాశిలలే అయినా, ప్రిబ్రామ్‌ది ఎక్కువగా దొరికే సాధారణ కాండ్రైట్లలో ఎచ్ రకం, రెండోది అరుదైన ఎన్‌స్టటైట్ కాండ్రైట్. అంతరిక్షంలో చిన్న రాయిగా తిరిగిన కాలం మొదటిదానికి సుమారు 1.2 కోట్ల ఏళ్లు, రెండోదానికి 4.8 కోట్ల ఏళ్లు.

కక్ష్య ఒక మాట చెబితే, రాయి ఇంకో మాట చెప్పింది. ఉల్కాశిల పుట్టుక గురించి చదివినప్పుడల్లా నాకు ముందు ఈ జంటే గుర్తొస్తుంది. కక్ష్య తెలిసిందంటే చాలామంది పని అయిపోయినట్టే అనుకుంటారు. నేను మాత్రం రాయి వైపే మొగ్గుతాను. అలాగని కక్ష్య పనికిరానిదేమీ కాదు.

ముందు కక్ష్య ఎలా పట్టుకుంటారో చూద్దాం. ప్రిబ్రామ్ కెమెరాల ముందు రెక్కల్లాంటి షట్టర్ తిరుగుతూ ఉండేది. దానివల్ల ఫొటోలో ఉల్క గీత ఏకధాటిగా కాకుండా తెగిన గీతల్లా పడింది. ఒక్కో ముక్కకు ఎంత సమయం పట్టిందో తెలుసు కాబట్టి, ముక్కల పొడవు కొలిస్తే వేగం తెలుస్తుంది. రెండు చోట్ల నుంచి తీసిన ఫొటోలను కలిపితే ఎత్తు, దిశ కూడా తెలుస్తాయి. ఖగోళ శాస్త్రవేత్త జ్‌డెనెక్ సెప్లెకా ఈ లెక్క కట్టి, ఆ రాయి అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్యనున్న గ్రహశకలాల పట్టీ దాకా వెళ్లొచ్చేదని చూపించారు. ఫొటోల ఆధారంగా కక్ష్య తెలిసిన మొట్టమొదటి ఉల్కాశిల అదే. ఉల్కాశిలలు ఆ పట్టీ నుంచి వస్తాయన్న ఊహకు గట్టి ఆధారం అలా దొరికింది. కక్ష్య లేకపోతే ఈ మాట ఇంత ధీమాగా చెప్పలేకపోయేవాళ్లం.

అయితే కక్ష్య చెప్పేది ప్రయాణంలో చివరి మజిలీ గురించి మాత్రమే. పట్టీలో ముక్కలైన రాళ్లు సూర్యుడి వేడి వల్ల మెల్లగా జరుగుతూ, గురుగ్రహం గురుత్వం లయగా లాగే చోట్లకు చేరతాయి. అక్కడి నుంచి కక్ష్య సాగిపోయి లోపలి గ్రహాల దారుల్లోకి వస్తాయి. భూమికో, శుక్రుడికో ఒక్కసారి దగ్గరగా వెళ్తే చాలు, పాత దారి చెరిగిపోతుంది. రష్యాలోని చెల్యాబిన్స్క్ విషయంలో జరిగింది చూడండి. 2013 ఫిబ్రవరి 15న పేలిన ఆ ఉల్కను వందల మంది కారు కెమెరాల్లో పట్టారు. దాని కక్ష్య 1999 ఎన్‌సీ43 అనే గ్రహశకలానిదానితో కలుస్తోందని మొదట అనుకున్నారు. తర్వాత ఆ శకలం నుంచి వచ్చే కాంతిని చూస్తే, దొరికిన రాళ్లతో దాని కూర్పు సరిగ్గా కుదరలేదు. దారులు కలిసినంత మాత్రాన ఇల్లు ఒకటే అని చెప్పలేం.

ఇప్పుడు రాయి సంగతి. రాయిలో ఎన్నో ఆధారాలున్నా, నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించేది ఆక్సిజన్. ఆక్సిజన్‌లో 16, 17, 18 అని మూడు ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న అణువుల రకాలు ఉన్నాయి. రాయి కరిగినా, గడ్డకట్టినా, నీటితో కలిసినా వాటి పాళ్లు ఒక నియమం ప్రకారమే మారతాయి. అందుకే భూమి మీది రాళ్లన్నీ గ్రాఫ్‌లో ఒకే గీత మీద పడతాయి. 1973లో షికాగోలో రాబర్ట్ క్లేటన్ బృందం కొన్ని ఉల్కాశిలల భాగాలు ఆ గీతను వదిలి పక్కకు పోతున్నాయని చూపించింది. అప్పటి నుంచి ఏ కొత్త రాయి దొరికినా మొదటి ప్రశ్న ఇదే: ఏ గీత మీద పడింది?

దీని బలమెంతో ఆస్ట్రేలియా ఎడారిలో దొరికిన బన్‌బరా రాక్‌హోల్ చూపిస్తుంది. 2007లో ఎడారి కెమెరాలు దాని దారిని పట్టాయి, రాయీ దొరికింది. చూడ్డానికి బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) లాంటి రాయి, ఖనిజాలు కూడా అలాంటివే. అలాంటివి సాధారణంగా వెస్టా అనే పెద్ద గ్రహశకలం ఖాతాలోకి వెళ్తాయి. ఆక్సిజన్ మాత్రం అది వెస్టా గుంపుది కాదని చెప్పింది. దాని కక్ష్య దాదాపుగా భూకక్ష్య లోపలే ఉండటంతో, పుట్టిన చోటు ఏ దిక్కునుందో దాన్నిబట్టి చెప్పడం కష్టం. ఆక్సిజన్ పరీక్ష లేకపోతే ఆ రాయికి తప్పుడు చిరునామా రాసేసి ఊరుకునేవారు.

ఆక్సిజన్‌కూ ఒక లోటుంది. అది ఇంటిపేరు చెబుతుంది గానీ ఊరు చెప్పదు. ఈ పది రాళ్లూ ఒకే కుటుంబం అంటుంది, ఆ కుటుంబం ఎక్కడుందో చెప్పదు. పైగా చంద్రుడి రాళ్లు, భూమి రాళ్లు దాదాపు ఒకే గీత మీద పడతాయి. చంద్రుడి నుంచి వచ్చినవాటిని గుర్తుపట్టడానికి అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్లే ఆధారమయ్యాయి. 1982లో అంటార్కిటికాలో దొరికిన ఏఎల్‌ఎచ్‌ఏ81005ను వాటితో పోల్చి చూశారు కాబట్టే అది చంద్రుడిదని ఖాయంగా చెప్పగలిగారు.

ఊరి పేరు కూడా రాయిలోనే దొరికిన కేసు అంగారకుడిది. నాకు బాగా నచ్చిన కథ ఇదే. 1865లో బిహార్‌లోని షెర్ఘాటీలో పడిన రాయినీ, దాన్ని పోలిన మరికొన్నింటినీ చూసి శాస్త్రవేత్తలు చాలాకాలం తల పట్టుకున్నారు. గ్రహశకలాలు 450 కోట్ల ఏళ్ల కిందటే చల్లారాయి. ఈ రాళ్లేమో లావా నుంచి గట్టిపడి అంతకాలం కాలేదు. అంత ఆలస్యంగా లావా పారాలంటే గ్రహమంత పెద్దది కావాలి. అలా అంగారకుడి మీద అనుమానం కలిగింది గానీ, రుజువు లేదు. అంటార్కిటికాలో దొరికిన ఈఈటీఏ79001 అనే రాయిలో అక్కడక్కడా నల్లటి గాజు ముద్దలున్నాయి. ఏదో వచ్చి ఢీకొన్న దెబ్బకు రాయి క్షణకాలం కరిగి, చుట్టూ ఉన్న గాలిని లోపల బంధించి మళ్లీ గట్టిపడింది. 1983లో డొనాల్డ్ బొగార్డ్, ప్రాట్ జాన్సన్ ఆ గాజును వేడి చేసి బయటికొచ్చిన వాయువులను కొలిచారు. ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్ లాంటి జడవాయువుల పాళ్లు, 1976లో వైకింగ్ వ్యోమనౌకలు అంగారకుడి మీద దిగి అక్కడి గాలిలో కొలిచిన పాళ్లతో సరిపోయాయి. ఒక గ్రహం గాలిని ఇంకో గ్రహం మీద, గోరంత గాజులోంచి కొలిచారు!

ఆ తర్వాత ఆక్సిజన్ పని మొదలైంది. ఒక రాయికి చిరునామా దొరికింది కాబట్టి, అదే గీత మీద పడేవన్నీ అంగారకుడి ఖాతాలోకి వచ్చాయి. ఇక్కడ కక్ష్య అవసరమే రాలేదు.

టెలిస్కోపు దారి కూడా ఒకటుంది. 1970లో వెస్టా నుంచి వచ్చే కాంతి వర్ణపటం ఒక రకం ఉల్కాశిలలతో కలిసిందని గుర్తించారు. 2011లో డాన్ వ్యోమనౌక వెస్టాను చేరి దాన్ని బలపరిచింది. ఈ పద్ధతిని నేను కాస్త జాగ్రత్తగానే చూస్తాను. టెలిస్కోపు చూసేది పైపొరనే, ఆ పొర సౌరపవనాల (సూర్యుడి నుంచి వీచే కణాల) వల్ల రంగు మారుతుంది. సాధారణ కాండ్రైట్లు ఎస్ రకం అనే రాతి గ్రహశకలాల నుంచే వస్తాయా అన్న వాదన ఏళ్ల తరబడి తెగకపోవడానికి కారణం ఇదే. 2010లో జపాన్ వ్యోమనౌక హయబుసా ఇటొకావా అనే ఎస్ రకం శకలం నుంచి తెచ్చిన ధూళి రేణువులతో గానీ అది తేలలేదు.

భూమ్మీద పడే రాళ్లలో ఎక్కువ భాగం ఈ సాధారణ కాండ్రైట్లే. వీటి విషయంలో మాత్రం నా మొగ్గు కొంచెం సడలుతుంది. ఆక్సిజన్ వాటిని ఎచ్, ఎల్, ఎల్ఎల్ అని విడగొడుతుంది, అంతకుమించి చెప్పదు. ఇక్కడ కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంలో మహావేగంగా దూసుకొచ్చే కణాలు అక్కరకొస్తాయి. ఇవి రాయిలోకి మీటరు లోతు దాకా మాత్రమే వెళ్తాయి. పెద్ద బండ లోపల ఉన్నంతకాలం రాయి భద్రం. బండ పగిలి ముక్క బయటపడ్డ రోజు నుంచి లోపల హీలియం-3, నియాన్-21 పోగవుతూ ఉంటాయి. వాటిని కొలిస్తే ముక్క వయసు తెలుస్తుంది. ఎచ్ కాండ్రైట్లలో చాలావాటి వయసు 70, 80 లక్షల ఏళ్ల దగ్గర కుప్పపడుతుంది. ఆ కాలంలో పగిలిన శకలాల కుటుంబం పట్టీలో ఏదైనా ఉందా అని వెతకొచ్చన్నమాట. 2024లో వెలువడిన పరిశోధనలు, పడే ఉల్కాశిలల్లో సుమారు 70 శాతానికి కారిన్, కొరోనిస్, మస్సాలియా అనే మూడు కుటుంబాలు మూలమని లెక్క కట్టాయి. వాటిలో కారిన్ వయసు 58 లక్షల ఏళ్లే. ఇక్కడ రాయి వయసు, ఖనిజాలు, కక్ష్యలు, టెలిస్కోపు అన్నీ కలిస్తేనే లెక్క కుదిరింది.

అన్నీ ఒకే రాయికి దొరికితే ఎలా ఉంటుందో 2021 ఫిబ్రవరి 28న ఇంగ్లండ్‌లోని వించ్‌కోంబ్‌లో తెలిసింది. ఒక ఇంటి ముందు, కారు నిలిపే చోట పడిన ఆ నల్లటి రాయిని వానలో తడవకముందే, కొద్ది గంటల్లోనే సంచుల్లోకి ఎత్తారు. కెమెరాలు దాని దారిని గ్రహశకలాల పట్టీ దాకా చూపించాయి. కాస్మిక్ కిరణాల లెక్కలో అది బండ నుంచి విడిపడి సుమారు 3 లక్షల ఏళ్లే అయిందని తేలింది. రాయి ఖనిజాల్లో నీరు కూడా ఉంది, ఆ నీటిలోని హైడ్రోజన్ పాళ్లు మన సముద్రాల నీటి పాళ్లకు దగ్గరగా ఉన్నాయి.